ఐదో భాగం చదివినవాళ్లు

సంపాదకులు గారికి నమస్కారం.

నాన్నగారి సస్పెన్స్ నవల ఐదో భాగం మీద పాఠకుల ఉత్తరాలు పంపారు. ఆరో భాగంలో వాళ్లకేం జవాబు చెబుదామని అడిగారు.

సగం మంది మండిపడ్డారు. డిటెక్టివ్ ఒకే సాక్షిని అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతాడేమిటి, రచయిత నిద్రమత్తులో రాశాడా అన్నారు. మిగతావాళ్లు డిటెక్టివ్‌ని ఇంత నిస్సహాయంగా ఎవరూ చూపించలేదని మెచ్చుకున్నారు.

అందులో ఎత్తుగడేమీ లేదండీ. అది రాసేనాటికే నాన్నగారికి మతిమరుపు జబ్బు మొదలైంది. మేం ఆలస్యంగా పసిగట్టాం. ఇప్పుడు ఒక్కోసారి నన్నే "మీరెవరమ్మా?" అంటున్నారు.

ఆ ఉత్తరాలు చదివి వినిపిస్తే శ్రద్ధగా విన్నారు. "జనం ఇంతలా కొట్టుకుంటున్నారంటే చదవాల్సిన పుస్తకమే. ఎవరు రాశారు?" అన్నారు. పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను.

"హంతకుడెవరో మాత్రం చెప్పకు తల్లీ" అన్నారు.

అప్పట్నించీ రోజూ కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నారు. ఆరో భాగం ఇక రాదని దయచేసి ప్రకటించండి. కారణం మాత్రం రాయకండి. తిట్టినవాళ్ల మీద నాకేం కోపం లేదు. వాళ్లూ ఆయన్ని ఇష్టంగా చదివినవాళ్లే కదా.

నిన్న, డిటెక్టివ్ తన ఇంటి దారి మరిచిపోయి వీధి మలుపులో నిలబడిపోయే చోట, ఆయన చదవడం ఆపేశారు. కిటికీలోంచి వీధి వైపు చూశారు.

"పాపం, ఇతనికి ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగారు.

"ఉన్నారు నాన్నా, కూతురుంది" అన్నాను.

"అయితే పర్లేదు" అని పేజీ తిప్పారు.

ఇట్లు,
ఆయన అమ్మాయి