అడవి సంతలో ఆవకాయ దీక్ష

1 మార్చి 1987, ఆదివారం. ఖానాపురం హవేలి.

ఈ రోజు నుంచి దీక్ష! ఆరు బుధవారాలు, ఒక్కటీ మానకుండా, భద్రాచలం అవతలి అడవి సంతలో ఆవకాయ అమ్ముతాను. మద్రాసు నుంచి పోస్టులో వస్తున్న నా మార్కెటింగ్ కోర్సు నాలుగో పాఠంలో స్పష్టంగా ఉంది: కొత్త మార్కెట్లో అందరికంటే ముందు అడుగుపెట్టినవాడిదే రాజ్యం. వేంసూరులో మామగారి తోటలో ముందుగా కాసే చెట్లున్నాయి. కాయలు దింపించాను. నా భార్య ప్రమీల ముక్కలు కొట్టి కారం కలిపింది. జిల్లాలో ఈ ఏడాది మొట్టమొదటి ఆవకాయ మాదే. సీసా మీద లేబులు: ‘ప్రమీలారాణి పచ్చళ్లు’. చూసి ప్రమీల సిగ్గుపడింది.

ఓడిపోతే ఏమవుతుందో కూడా రాసుకోవాలి. మామగారు వెంకటరామారావు గారు మాట తీసుకున్నారు. సరుకు పోకపోతే కాపురం వేంసూరు మార్చి, ఆయన ఎరువుల షాపులో బావమరిది చేతికింద కూర్చోవాలి.

“మీరు యూరియా అమ్మినా నాకేం నామోషీ లేదు. మా వదిన పెట్టింది తిని బతకడం మాత్రం నా వల్ల కాదు,” అంది ప్రమీల. ఆ అవసరం రానివ్వనని మాటిచ్చాను.

4 మార్చి, బుధవారం

ఉ. 5: జీపు బయల్దేరింది. సీసాలకు గడ్డి చుట్టి డ్రైవర్ గోపాలు జాగ్రత్తగా పేర్చాడు.
ఉ. 10: సంత. ఒకపక్క కోళ్లు. రెండోపక్క చింతపండు గంపతో నాగక్క అనే కోయామె.
మ. 1: చాలామంది వచ్చారు. సీసాను చూశారు. తర్వాత నన్ను చూశారు. వెళ్లిపోయారు.
సా. 4: అమ్మినవి, సున్నా.

కారణం: భాష. రేపటి నుంచి కోయ నేర్చుకుంటాను.

9 మార్చి

గోపాలుకు వచ్చిన కోయ మాటలన్నీ కోళ్ల బేరానికి సంబంధించినవే. మానేశాను.

11 మార్చి, బుధవారం

కారం తగ్గించి బెల్లం కలిపించాను. మళ్లీ సున్నా. ఇక నాగక్కనే అడిగాను, ఎవరూ ముట్టుకోరేమని.

“ఇంకా పండుగ కాలే, షావుకారీ,” అంది.

ఇంకేదో చెప్పబోయింది. అర్థమైందన్నాను. పండుగకు చేతిలో నాలుగు డబ్బులు దాచుకుంటారు, ఎవరైనా అంతే. దీనికి ఆరో పాఠంలో మందుంది.

18 మార్చి, బుధవారం

‘పండుగ ఆఫర్! సీసాతో స్పూను ఉచితం!’ బోర్డు కట్టాను. రుచి చూపిస్తే తప్ప లాభం లేదని, ఊరి పూజారి పోతయ్య గారు అటుగా వస్తుంటే ఎదురెళ్లి, అందరి ముందూ ఆవకాయ ముక్క స్పూనులో పెట్టి నోటి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. కాసేపటికి నా కొట్టు ముందు కోళ్లు తప్ప ఎవరూ లేరు.

19 మార్చి

కారణాలు: ఎండ. రోడ్డు. స్పూను మరీ పెద్దది కావడం.

25 మార్చి, బుధవారం

వెళ్లలేదు. టైరు పంక్చరు. జీపుది కాదు, పక్కింటాయన స్కూటరుది. అయినా బయల్దేరేటప్పుడు ఎదురైంది కదా.

30 మార్చి, ఉగాది. వేంసూరు.

పచ్చడి ప్రసాదం అయ్యాక అత్తగారు నిర్మలాదేవి గారు మా ఆవకాయ సీసా మూత తీశారు. నెల కిందట ఇచ్చింది! ఇన్నాళ్లూ ఎందుకు తినలేదండీ అని కాస్త నొచ్చుకునే అడిగాను.

“ఉగాది పచ్చడి దేవుడికి పెట్టకుండా కొత్త మామిడికాయ నోట్లో ఎలా పెట్టుకుంటామండీ, అల్లుడు గారూ? మీ ఇంట్లో పెట్టుకుంటారా?”

పెట్టుకోరు. చిన్నప్పుడు ఇదే తప్పుకు మా అమ్మ పున్నమ్మ నా వీపు విమానం మోత మోగించింది. నాగక్క చెప్పబోయిన పండుగేమిటో అప్పుడు తెలిసింది. వాళ్లకూ మామిడికాయ పండుగ ఉండి ఉంటుంది. ఆ పెద్దమనిషి నోటి దగ్గర పెట్టిన స్పూను గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. బూరెలు సహించలేదు. నాలుగే తిన్నాను.

1 ఏప్రిల్, బుధవారం

ఆ రోజు చెప్పబోయింది మామిడికాయ పండుగేనా అంటే నాగక్క అవ్ అంది. “చెప్తనే ఉన్న. నువ్వు వినకపోతివి.”

పోతయ్య గారింటికి వెళ్లి తప్పయిందన్నాను. ఆయన మంచం వాల్చాడు, మంచినీళ్లిప్పించాడు. అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. పండుగ ఎప్పుడని అడిగాను.

“ఊరు కూసొని రోజు పెడ్తది.”

“కాస్త జల్దీ పెట్టించండి. మేకపోతు ఖర్చు నాది.” (ఎనిమిదో పాఠం: ఆటంకాన్ని అవకాశంగా మార్చుకో.)

ఆయన నా చేతిలోంచి మంచినీళ్ల చెంబు తీసుకున్నాడు. “మీ ఉగాదిని ముందుకు జరపమని మేం అడిగితే జరుపుతరా?”

“జరపం,” అన్నాను.

“గిదీ గంతే,” అన్నాడు.

8 ఏప్రిల్, బుధవారం

పోలేదు. ఇంకా పండుగ కాలేదని గోపాలు కబురు తెచ్చాడు. ఈ వారం దీక్ష లెక్కలోకి రాదు.

15 ఏప్రిల్, బుధవారం

పండుగ అయిపోయింది! జీపు నిండా సీసాలు. ప్రమీల ఎదురొచ్చింది.

సంతలో అందరూ నవ్వుతూ పలకరించారు. ఒకరిద్దరు నా సీసా ఎత్తి వాసన కూడా చూశారు, బాగుందన్నారు, దింపారు. ఎవరూ కొనలేదు. ఇదేమిటని నాగక్కను అడిగాను.

“ఇప్పుడు ఊరంత కాయలేనాయె. కొనుడెందుకు?”

నిజమే. ప్రతి ఇంటి ముందూ గంపల కొద్దీ కాయలు. పండుగ ముందు ముట్టుకోరు, పండుగ తర్వాత కొననక్కర్లేదు. వచ్చేటప్పుడు నాగక్క ఒక గంప కాయలు జీపులో పెట్టించి, ఇంటికాడ అమ్మకియ్యమంది. పైసలు తీసుకోలేదు. తీసుకెళ్లినదానికంటే ఎక్కువ మామిడితో ఇంటికి చేరాను.

16 ఏప్రిల్

ప్రమీలకు చెప్పాను. అటక మీంచి పెట్టె దింపించి చీరలు సర్దుకుంది. తర్వాత కూర్చుని సీసాల మీద లేబుళ్లు తడిగుడ్డతో ఒక్కొక్కటే ఊడదీసింది.

“ఎందుకిప్పుడు?” అన్నాను.

“మా వదిన చూస్తుంది,” అంది.

నాకు ఏడుపొచ్చింది. పెరట్లోకి వెళ్లాను.

20 ఏప్రిల్, సోమవారం. వేంసూరు.

షాపు. బావమరిది కుర్చీలో, నేను బస్తా మీద. మధ్యాహ్నం ప్రమీల క్యారియరు తెచ్చింది. తిన్నావా అంటే తిన్నానంది. తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

23 ఏప్రిల్, గురువారం

ఈ రోజూ అదే క్యారియరు, అదే మొహం. నేను తింటుంటే ప్రమీల ఎదురుగా కూర్చుని అడిగింది:

“ఆ సంతలో వాళ్లకు కావలసిందీ, దొరకందీ ఏమిటో ఎప్పుడైనా కనుక్కున్నారా?”

“కోర్సులో ఆ పాఠం ఇంకా రాలేదు.”

ప్రమీల క్యారియరు మూత పెట్టేసింది. నేనింకా పెరుగు కలుపుకోలేదు.

“వచ్చే బుధవారం నేనూ వస్తాను. సరుకేం వద్దు. నాగక్క పక్కన కూర్చుంటాను. ఇక్కడ కూర్చుని వదిన మాటలు వినేకంటే అక్కడ కూర్చుని ఎవరి మాటలైనా వింటాను.”

ఈ రోజు నుంచి మళ్లీ దీక్ష! ఆరు బుధవారాలు, ఒక్కటీ మానకుండా. సంతలో అడగవలసిన ప్రశ్నలు రాశాను. మొదటిది: మీరు ఆవకాయ ఏ నెలలో కొంటారు? ప్రమీల కొట్టేసింది. అక్కడ నేను అసలు నోరు తెరవకూడదన్నది ఆమె షరతు. ఒప్పుకున్నాను. జీపులో కూడా తెరవకూడదంటోంది. దాని మీద ఇంకా బేరం నడుస్తోంది.