పొయ్యి వెలిగించే ముందు

మీకు నమస్కరించి రాస్తున్నాను.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరమూ క్షేమం. ‘అందరమూ’ అంటే మీ లెక్కలో గేటు దగ్గరి ముసలి కుక్కా, బాయిలర్ గదిలోని పిల్లీ కూడా ఉంటాయని తెలుసు కనుక మళ్ళీ చెబుతున్నాను, అందరమూ. దగ్గు తగ్గిందని డాక్టరు అన్నట్టు రాశారు. ఆ మాట ఆయనదో, నేను కంగారు పడతానని మీరు కల్పించిందో తెలియలేదు. ఛాతీకి కట్టుకోమని పంపిన ఉన్ని గుడ్డ కడుతున్నారా, ఆసుపత్రిలో మీ పక్క మంచం ఆయనకు దానం చేశారా?

మీరు అడిగినట్టే గేటు దగ్గర మన కుక్క మేస్త్రీ పడుకునే చోట చెక్క వేయించి, నేలకు జానెడు ఎత్తు లేపించాను. పాత దుప్పటి తీసేసి గోతాంలో ఎండుగడ్డి కుక్కి పరిచాను. దుప్పటి చెమ్మ పట్టి ఇంకా చల్లబడుతుందని మీరన్నది నిజమే, తీసి చూస్తే పిండితే నీళ్ళు కారేలా ఉంది. గిన్నెలో నీళ్ళు తెల్లారేసరికి గడ్డ కడుతున్నాయి. రోజూ గోరువెచ్చటివి పోస్తున్నాను. రోడ్డు మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు కాళ్ళ పగుళ్ళలో చేరి నాలుగు రోజులు కుంటింది. తడిగుడ్డతో తుడిచి నూనె రాస్తే ఇప్పుడు మళ్ళీ లాండ్రీలో అందరి వెనకా తిరుగుతూ పెత్తనం చేస్తోంది. ఊరికే పెట్టలేదు మీరు దానికి మేస్త్రీ అని పేరు. మన అమ్మాయి మాత్రం, “నాన్న నన్ను ఎలా ఉన్నావని ఒక్క ముక్కలో అడిగి, కుక్కకు పేజీ రాశాడు” అని మూతి ముడుచుకుంది. ఈసారి అమ్మాయికి వేరే కాగితం రాయండి.

బాయిలర్ గది పిల్లి, మీ మసిగుడ్డ, పిల్లల్ని పెట్టిందా అని అడిగారు. పోయిన ఉత్తరంలో ఆ మాట దాటేశాను. పెట్టింది. నాలుగు. ఇప్పుడు తల్లితో సహా మన వంటింట్లో ఉన్నాయి. అవి అక్కడికి ఎలా చేరాయో రాయడానికి చేయి ఆడలేదు. రాయకుండా దేవుడి ముందు కూర్చోవడమూ చేతకావడం లేదు.

ఆ ఆదివారం శుభ్రం చేయడానికి అల్లుడు బాయిలర్ ఆర్పి, బూడిద తీసి, పొయ్యి తలుపు ఓరగా వదిలి వెళ్ళాడు. మీరు వచ్చేదాకా మీ పని శ్రద్ధగానే చూస్తున్నాడు, వాణ్ణి తప్పు పట్టకండి. మంట లేకపోయేసరికి గదంతా చల్లబడింది. లోపలి ఇటుకలే కాస్త వెచ్చగా ఉండి ఉంటాయి. మర్నాడు పొద్దున ఇస్త్రీ గదికి పోతూ తొంగి చూస్తే, మీరు మూలన పెట్టిన అట్టపెట్టె, మసిగుడ్డ పిల్లల్ని పెట్టుకున్నది, ఖాళీ. దాని దగ్గర్నుంచి పొయ్యి తలుపు దాకా బూడిదలో పిల్లి అడుగులు. అల్లుడు అప్పటికే చితుకులు పేర్చి, బొగ్గు వేసి, అగ్గిపుల్ల గీశాడు. పక్కనే మేనేజరు గారు. ఆసుపత్రి నుంచి రెండు బండ్ల దుప్పట్లు వచ్చి పడి ఉన్నాయి. ఆపరేషన్ గదికి గుడ్డలు లేవని ఫోను మీద ఫోను.

నా గొంతు సంగతి మీకు తెలుసు. మిషన్ల రొదలో నా మాట ఎవరికీ ఎప్పుడూ వినబడింది లేదు. లోపల పిల్లి ఉందేమో, ఆగమని అన్నాను. అల్లుడు ఆగాడు. మేనేజరు గారు ఆగలేదు. “పొగ తగిలితే అదే బయటికొస్తుందమ్మా. వెలిగించవయ్యా” అన్నారు.

“తల్లి వస్తుందండీ. కళ్ళు తెరవని పిల్లలు ఎలా వస్తాయి?”

అల్లుడు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. “మామయ్య ఇలాంటిదేమీ చెప్పలేదే అత్తయ్యా” అన్నాడు. పుల్ల వాడి వేళ్ళ దాకా కాలుతోంది. అప్పుడు నోరు జారాను. కాదు, జారలేదు, తెలిసే అన్నాను.

“మీ మామయ్య చలికాలం పొయ్యంతా వెతికితే గానీ వెలిగించరు నాయనా. ఎంత ఆలస్యమైనా సరే.”

అల్లుడు పుల్ల ఊదేశాడు. బొగ్గు ఇవతలికి లాగి, భుజం దాకా లోపలికి దూర్చాడు. మసిగుడ్డ వాడి చేయి రక్కి బయటికి దూకింది. వెనక పొగదారిలో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కటీ తీసి నా తువ్వాల్లో వేశాడు. మూడు వచ్చాయి. నాలుగోదాని అరుపు వినబడింది గానీ చేతికి అందలేదు. కాసేపటికి ఆ అరుపూ ఆగింది. మళ్ళీ ఫోను మోగింది. మూడు దక్కాయి కదా, ఇక చాలన్నారు మేనేజరు గారు. నేను పొయ్యి ముందు కూర్చున్నాను. లేవలేదు. అల్లుడు వెనక్కి వెళ్ళి పొగదారికి బిగించిన ఇనప పలక మరలు విప్పాడు. పిల్ల ఇటుకల సందులో ఇరుక్కుని ఉంది. తీస్తే కదల్లేదు. దేవుణ్ణి తలుచుకుంటూ తువ్వాలుతో రుద్దాను, రుద్దుతూనే ఉన్నాను. చివరికి తుమ్మి, బూడిద కక్కి, ఏడ్చింది.

ఇంతవరకే అయితే పోయిన ఉత్తరంలోనే రాసేదాన్ని.

ఆవిరి లేచి, ఉతికిన గుడ్డలు బండెక్కాక మేనేజరు గారు నన్ను పిలిచారు. “అయితే చలికాలం ఆవిరి ఆలస్యమైనప్పుడల్లా బొగ్గు తడిసిందని మీ ఆయన చెప్పింది అబద్ధమేనా?” అని అడిగారు. కాదనడానికి ఒక్క మాట చాలు. అల్లుడు ఆయన వెనక నిలబడి, అనేయమన్నట్టు కళ్ళతోనే చెబుతున్నాడు. నేను అవునన్నాను. మీరు పనిలో చేరిన మొదటి ఏడాది పొయ్యిలో ఒక పిల్లి కాలిపోయిన రోజు, మీరు భోజనం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. అది మీది.

ఆయన కోప్పడలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. “పిల్లి కోసం ఆగితే నేను ఏమనేవాణ్ణో అది వేరే సంగతి. బాయిలర్ దగ్గరి మనిషి, లోపల నీళ్ళెన్ని ఉంటే అన్నే చెప్పాలి, తగ్గితే పేలుతుంది. బొగ్గు విషయంలో అబద్ధమాడినవాడు నీళ్ళ విషయంలో ఆడడని నేనెలా నమ్మను?” అన్నారు. ఎందుకు ఆలస్యం చేసేవారో మీరే మీ చేత్తో రాసి పంపాలట. అది చదివాక, మీ చోటు మీకే ఉంచాలా, అల్లుడికి ఇచ్చేయాలా అన్నది తేలుస్తారట. తనకు వద్దని అల్లుడు అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. ఉత్తరం వచ్చిందా అని రోజూ అడుగుతున్నారు.

బాయిలర్ పాతది, వేడెక్కడానికి టైము పట్టేదని రాసేస్తే పోతుంది కదా అంటోంది అమ్మాయి. అల్లుడూ అదే మాట. నేను ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ మీరు దాచుకున్న మాట నలుగురిలో పెట్టానని మీకు కోపం రావచ్చు. తిట్టాలనిపిస్తే తిట్టండి, ఆ కోపం మందుల మీద చూపించకండి. ఆ సమయానికి నా చోట మీరుంటే ఏం చేసేవారో నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే చేశాను.

ఈ కవరులో ఒక తెల్లకాగితం మడిచి పెట్టాను. ‘మేనేజరు గారికి’ అని పైన నేనే రాద్దామనుకుని కలం మూసేశాను. మొదటి అక్షరం నుంచీ మీ చేతిరాతే ఉండాలి.

ఇట్లు,
మీ ఉత్తరం కోసం ఎదురుచూసే
మీ ఇంటావిడ