నువ్వు తీసేసిన దగ్గు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో నువ్వు పాడి దాచిన పాటలే వినిపిద్దామని నీ కంప్యూటర్ ఆన్ చేస్తే, తెర నల్లగా ఉండిపోయింది. పదిసార్లు ఆపి మళ్లీ వేశాను. అదే తప్పట. అనకాపల్లి మెయిన్‌రోడ్డులో రిపేరు షాపతను హార్డ్ డిస్క్ విప్పి, వేరే కంప్యూటర్‌కి తగిలించి రెండు రోజులు చూశాడు.

"దాసిన పాటలున్న సోటే పాడైపోనాదక్కా. ఆయన డిలీట్ సేసిన ముక్కలు మాత్రం వచ్చేయి," అన్నాడు.

ఆ ముక్కలకి పేర్లు లేవు. ఒక్కొక్కటీ తెరిచి విన్నాను. ఒకదాంట్లో పల్లవి మధ్యలో దగ్గు, ఇంకోదాంట్లో చరణం మొదట్లోనే దగ్గు. అవి క్రిస్మస్‌కి పాడిన పాటలు. నీ జబ్బు సంగతి నువ్వు నాకు చెప్పింది ఆ తర్వాతి వేసవిలో. అంత ఓపిగ్గా దగ్గంతా కత్తిరించి పాట వినిపించావే, నాకొక్క మాట చెప్పడానికి ఓపిక లేకపోయిందా?

చివరి ముక్కలో తలుపు తీసిన చప్పుడు, నా గొంతు.

"దగ్గేటి బావా?"

"పొలమారిందే. నువ్వెల్లు."

"నీల్లు తాగు," అన్నాను. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాను. అదీ వినబడుతోంది.