రోడ్డు వైపు వేసిన నిచ్చెన

వార్మ్ క్రీక్, ఐడహో
ఆగస్టు 14

ప్రియమైన నోరీన్‌కి,

ఇక్కడ నేను క్షేమం, కుక్క క్షేమం, నీళ్లు పోయడం రెండుసార్లు మర్చిపోయినా నీ టమాటా మొక్కలు కూడా క్షేమం. మన ట్రెయిలర్, ఆ చక్రాల ఇంటి సంగతి మాత్రం అడగకుండా ఉంటే బాగుండేది, కానీ అడిగావు. కొండ మీద అడవి మంటల కాపలా గోపురంలో నువ్వు, నీ అద్దాల గది, నీ దుర్భిణీ బాగున్నారని తలుస్తాను. మొన్న పిడుగులు పడ్డప్పుడు ఉత్తరం వైపు పొగ మొదట చూసింది నువ్వేనట, కిరాణా కొట్లో అందరూ అదే మాట. నాకు లోపల గర్వంగానే ఉంది. పైకి మాత్రం “ఆవిడకి ఇంట్లో కూడా నిప్పు కంటే ముందు పొగ కనబడుతుంది” అన్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు నొప్పిగానే ఉంది. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను, ఒక్క ఆదివారం తప్ప. కుక్క నీ చెప్పు కొరికింది, ఎడమ కాలిది. ఇక “బండి కప్పు మార్చడం పది రోజుల పని అన్నావు, అయిందా?” అని అడిగావు. నోరీన్, ఈ రోజుకి ఇరవై ఆరు రోజులు. ఆ పది రోజుల మాట అన్న నోటికి బుద్ధి లేదు.

ముప్పై ఏళ్ల బండి. కప్పు అంచుల చుట్టూ ఉన్న అల్యూమినియం పట్టీకి నాలుగేసి వేళ్లకో మరమేకు. ఒక్కటంటే ఒక్కటి తిన్నగా ఊడి వస్తే ఒట్టు. సగం మరలకి తలలు తెగిపోయాయి, మిగతా సగం నా చేతులు కోశాయి. అది అయిందనుకుంటే కప్పు మీద పరిచే కొత్త రబ్బరు పట్టా వచ్చింది. విప్పి చూస్తే ఒక అడుగు వెడల్పు తక్కువ! కొట్టువాడికి ఫోన్ చేస్తే “పాత బండ్లన్నీ ఎనిమిదడుగులేనండీ, మళ్లీ కొలుచుకోండి” అని నాకే పాఠం చెప్పాడు. అంచులు కిందికి మడవాలా వద్దా? ఆ మడత వాళ్ల నాన్న ఇస్తాడా? ఒళ్లు మండిపోయింది. సరైన పట్టా రావడానికి ఇంకో పదకొండు రోజులు. ఈలోగా కప్పు మీద కప్పిన టార్పాలిన్‌ని గాలి రెండుసార్లు ఎత్తుకుపోయింది. రెండోసారి దాన్ని పక్క పొలంలో గడ్డి మోపుల మధ్య నుంచి లాక్కొస్తుంటే కుక్క నాతో పరాచికాలాడుతూ రెండో కొస పట్టుకుని లాగింది.

అసలు తంటా తర్వాత మొదలైంది. పాత రబ్బరు ఊడదీసి, పుచ్చిన చెక్క తీసి కొత్తది వేసి, దాని మీద జిగురు పూసి కొత్త పట్టా పరవాలి. జిగురుకి తగిలిందంటే ఇక కదలదు. అటొకరు, ఇటొకరు పట్టుకుంటేగాని ముడతలు లేకుండా రాదు. “ఒంటరిగా ఎక్కకు, ఎవర్నైనా పిలుచుకో” అని రాశావు. ఎవర్ని పిలవను? ఊరంతా గడ్డి కోతల్లో ఉంది. అక్టోబరులో చలికాలం గడపడానికి దక్షిణానికి బయల్దేరాలంటే ఈ బండే మనకి ఇల్లు. కప్పు లేని ఇంట్లో ఎలా వెళ్తాం?

నేనెవర్నీ పిలవలేదు. అతనే వచ్చాడు. నీ తమ్ముడు లెలాండ్.

ఉత్తరం చింపకు. ఆగు.

ఆ పొద్దున నేను కప్పు మీద మోకాళ్లూని, విరిగిన మరని నానా తిట్లూ తిడుతున్నాను. అతను నడిపే గ్యాసు లారీ రోడ్డు మీద ఆగింది. అద్దం దించి “ఏం బావా, బండికి క్షవరం చేస్తున్నావా?” అన్నాడు.

“నీ పని నువ్వు చూసుకోరా” అన్నాను.

“ఆ వయసులో అక్కడ ఎక్కడం చూస్తే ముందు నీ కోసం అంబులెన్సు పిలవాలనిపిస్తోంది.”

“మీ అక్క నిన్ను వాకిట్లో కాలు పెట్టొద్దంది. గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదు, థాంక్స్‌గివింగ్ పండగ నాడు అంత మంది ముందు అంటే!” అంటూనే లారీ మీది నిచ్చెన దింపాడు. మన ట్రెయిలర్ వెనక భాగం రోడ్డుని ఆనుకునే ఉంటుంది కదా. నిచ్చెన కాళ్లు రోడ్డు మీద పెట్టి, తల బండికి ఆనించి, చకచకా పైకి వచ్చేశాడు. నా పక్కన కూలబడి “నేను మీ వాకిట్లో కాలు పెట్టలేదు బావా. కప్పు కూడా వాకిలే అని అక్క అన్లేదు” అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఐదు రోజులు అలాగే వచ్చాడు. ఒక్కసారి కూడా నీ గడ్డి మీద అడుగు వేయలేదు. తిండి లారీలోనే తిన్నాడు. మంచినీళ్లు అడిగితే కంచె మీంచి అందించాను.

ఆరేళ్ల కిందటి సంగతి నీకు గుర్తుచేయక్కర్లేదు. కానీ వరసగా రాసుకుంటూ పోతేగాని నా చేతికి అసలు మాట రాదు. టీవీలో ఆటలు చూడ్డానికి లెలాండ్ మన కప్పు మీద యాంటెన్నా నిలబెట్టాడు, నాలుగు మరలతో. ఆ వసంతంలో ముందు అల్మారాలోకి నీళ్లు దిగాయి. అందులో మీ అమ్మ వాయించిన అకార్డియన్ ఉంది. తిత్తి బూజు పట్టింది, లోపలి స్వరాల రేకులు తుప్పు పట్టాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని నువ్వు మీటలు నొక్కితే ఒక్క మీటా పలకలేదు. ఆ నాలుగు మరల వల్లే అన్నావు. ఆ థాంక్స్‌గివింగ్ విందులో టర్కీ కోడిని కోసే కత్తి పక్కన పెట్టి తమ్ముడితో మాట తెంచుకున్నావు.

మొన్న మంగళవారం పాత రబ్బరు వెనక నుంచి చుట్టుకుంటూ వచ్చాం. యాంటెన్నా ఉన్న చోటు వచ్చింది. నాలుగు కన్నాలు. చుట్టూ చెక్క నిన్న కోసినట్టు కొత్తగా, పొడిగా ఉంది. లెలాండ్ దాన్ని చూశాడు, చుట్టుకుంటూ పోయాడు. ముందు భాగంలో అల్మారాకి సరిగ్గా పైన గాలి కోసం తీసిన కన్నం మీద మూత ఉంది కదా, అక్కడికి వచ్చాం. చెక్క నల్లటి ముద్ద. నా వేలు అందులోకి దిగిపోయింది. మూత చుట్టూ ఉన్న తెల్లటి సిలికాన్ జిగురు, సాసేజ్ మాంసం మీది తోలులా ఒక్క లాగుడుకి మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది.

రబ్బరు కప్పు ఉన్న ప్రతివాడికీ తెలిసిన సంగతే, దాని మీద సిలికాన్ రాయకూడదు. పైకి చక్కగా కనిపిస్తుంది, కింద అంచు లేచి నీళ్లు నడుస్తాయి. దానికి వేరే జిగురు ఉంటుంది. ఆ జిగురు అయిపోయిన రోజున కొట్టు నలభై మైళ్ల దూరం, స్నానాల తొట్టికి వాడగా మిగిలిన సిలికాన్ గొట్టం చేతికి అందింది. “ఈ ఒక్క చలికాలానికి” అనుకుని పూశాను. నేనే నోరీన్. యాంటెన్నా పెట్టడానికి ఏడాది ముందు.

ఇంతే అయితే తెలియక చేసిన తప్పని చెప్పుకునేవాణ్ణి. అకార్డియన్ ఒళ్లో పెట్టుకుని నువ్వు ఏడ్చిన రోజు నేను బయటికి వెళ్లాను, గుర్తుందా? నిచ్చెన ఎక్కాను. మూత అంచు కింద వేలు పెడితే తడి. నీకు చెబుదామని దిగివచ్చాను. అప్పటికే నువ్వు ఫోన్లో లెలాండ్‌ని కడిగేస్తున్నావు. తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచాను. మూసుకున్నాను. మళ్లీ ఎక్కి ఇంకో పూత పూసి వచ్చాను. ఆరేళ్లుగా నువ్వు తమ్ముణ్ణి తిట్టినప్పుడల్లా తలూపుతూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మంగళవారం మధ్యాహ్నం ఆ సిలికాన్ తోలు పట్టుకుని అతని లారీ దగ్గరికి వెళ్లాను. అతను రొట్టె తింటున్నాడు. “లెలాండ్, ఇది నేను రాసింది” అన్నాను.

“తెలుసు బావా” అన్నాడు, నమలడం ఆపకుండా. “యాంటెన్నా బిగించిన రోజే చూశా. చెబుదామనుకుని మర్చిపోయా.”

“మరి అక్క అంత మంది ముందు అన్ని మాటలంటే ఎందుకు నోరెత్తలేదురా?”

అతను మిగిలిన రొట్టె కాగితంలో చుట్టాడు. “నేనైతే లేచి మా ఇంటికెళ్లిపోయా. నువ్వు ఆ మనిషితో ఇరవై అడుగుల డబ్బాలో చలికాలమంతా గడపాలి. ఎవరో ఒకరు పడాలిగా. అయినా బావా, అక్క కోపం ఒక నెల అనుకున్నా. ఇన్నేళ్లు పడుతుందని నాకేం తెలుసు?”

అక్కడికక్కడే లారీ మెట్టు మీద కూర్చుండిపోయాను. అతనే దిగి, భుజం తట్టి, “లే లే, వానొచ్చేలా ఉంది, అక్కకి ఇవన్నీ రాయకు” అన్నాడు. మిగతా నాలుగు గంటలూ ఇద్దరం పుచ్చిన చెక్క తీసి కొత్తది వేశాం.

కప్పు అయిపోయింది. నిన్న గొట్టంతో గంటసేపు నీళ్లు కొట్టాను, లోపల ఒక్క చుక్క లేదు. ముందు మూల ఒక ముడత పడింది, అది నా వైపే. నీకు నేరుగా ఫోన్ లేదు, రేడియోలో చెబితే అడవంతా వింటుంది, నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఆరేళ్లలో రాలేదు. అందుకే కాగితం మీద పెట్టాను. తిట్టాలనుకున్నవన్నీ దాచి ఉంచు, సెప్టెంబరులో నువ్వు దిగాక నిలబడి వింటాను. నువ్వు ఇంట్లో ఉండొద్దంటే ట్రెయిలర్లో పడుకుంటాను, ఇప్పుడు కురవదు.

ఒక్క పని మాత్రం సెప్టెంబరు దాకా దాచకు. ఈ వారం కంచరగాడిదల మీద సామాను తెచ్చే మనిషికి నడుం పట్టేసింది. అతని బదులు పదకొండు మైళ్లు ఎక్కి వచ్చింది లెలాండ్. నేనే పంపాను. ఉత్తరంలో కప్పు సంగతే ఉందని అతనికి చెప్పాను. ఇప్పటికి నువ్వు గోపురం నుంచి దించే తాడుకి ఈ ఉత్తరం ఉన్న బుట్ట కట్టి, పైకి చూడకుండా కింద నిలబడి ఉంటాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది, చూసి కంగారు పడకు. నువ్వు ఏమీ అనకపోతే గాడిదల్ని తిప్పుకుని మళ్లీ పదకొండు మైళ్లు దిగిపోతాడు, నన్ను కూడా ఒక్క మాట అడగడు. నీ గోపురం మెట్లెక్కమని అతనికి నేను చెప్పలేను నోరీన్. నువ్వే పిలవాలి.

ఇట్లు,
నీ తమ్ముణ్ణి ఆరేళ్లు నీకు కాకుండా చేసిన
నీ భర్త
ఎమెట్