గ్రౌండంతా పాడిన పాట

శనివారం, రాత్రి

అక్షరాలు కుదురుగా రావడం లేదు. ఈ నెల తెలుగులో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ మాదేనట! మా బ్యాండ్ మొదటి ఆల్బమ్! పొద్దున కంపెనీవాళ్ళు ఫోన్ చేసి చెబితే నమ్మలేదు. సాయంత్రం దువ్వాడ కాలేజీ గ్రౌండ్‌లో మా షో జరిగినప్పుడు నమ్మాను.

మా సింగర్ సింహాద్రి రెండో పాట ఎత్తుకోగానే మైకు ఆగిపోయింది. నేను గిటార్ ఆపబోయాను. ఈలోగా గ్రౌండంతా పాట అందుకుంది. "ఈ ఊరొగ్గి నాను పోను" అని, ఊరు వదిలి పోనంటూ వేలమంది, ఒక్క మాట పొల్లుపోకుండా!

రికార్డింగ్‌లో ఆ "నాను" తీసేసి "నేను" అని పాడమని వాణ్ణి బతిమాలింది నేనే. మాది గోదావరి నుంచి వచ్చిన ఇల్లు. ఈ ఉత్తరాంధ్ర యాసలో రాక్ పాటలు ఎవరు వింటారని నా భయం.

"సబ్బవరంలో మాయమ్మ ఎలగంటాదో అలగే పాడతాను బావా. నచ్చకపోతే నన్ను తీసీ," అన్నాడు.

నిజంగానే వాడికి తెలియకుండా ఇంకో సింగర్‌తో మాట్లాడాను. ఆయనకి కుదరలేదు కాబట్టి సరిపోయింది.

ఇవాళ స్టేజీ దిగాక ఉండబట్టలేక అదంతా చెప్పేశాను. సింహాద్రి నీళ్ళ సీసా పక్కన పెట్టి నవ్వాడు.

"తెల్దనుకున్నావేటి? ఆ సింగరే నాకు ఫోన్ సేసి సెప్పీసినాడు."

"మరి నన్ను అడగలేదేంరా?"

"అడిగితే నువ్వు సిగ్గుపడి బ్యాండ్ మానేత్తావు బావా. నీ గిటార్ లేకపోతే నానేటి పాడతాను?"

అంతా తెలిసే వాడు ఆల్బమ్ మొత్తం నా పక్కన నిలబడి పాడాడు. వాడి చోట నేనుంటే ఆ ఫోన్ వచ్చిన రోజే బ్యాండ్ వదిలేసేవాణ్ణి.