జెంజీకి మూడు రోజులు తక్కువ

బాంబెర్గ్, జర్మనీ, 1935 నవంబర్ 20

కొత్త చట్టం వివరాలు పేపర్లో వచ్చాయి. యూదు మగవాడున్న ఇంట్లో నలభై అయిదేళ్ల లోపు జర్మన్ ఆడమనిషి పని చేయకూడదట. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకి ఈ ఏడాది ఆఖరుకి ముప్పై అయిదు నిండితే చాలట. మా పనిమనిషి జెంజీకి జనవరి మూడున నిండుతాయి.

మా ఇంట్లో మగవాడంటే నాన్న. డెబ్బై ఎనిమిదేళ్లు. పక్షవాతంతో రెండేళ్లుగా మంచం మీదే. ఆయన నుంచి జెంజీ మానం కాపాడతారట!

నాన్నకి చదివి వినిపించాను. పనిచేసే సగం నోటితో నవ్వారు. మీ అమ్మ వినుంటే ఎంత మురిసిపోయేదో అన్నారు.

నవంబర్ 26

మినహాయింపు అడగడానికి టౌన్ ఆఫీసుకి వెళ్లాను. కీళ్లవాతంతో నా చేతులు చెంచా కూడా సరిగా పట్టవనీ, నాన్నని లేపి తినిపించేది జెంజీ ఒక్కతేననీ చెప్పాను. గుమాస్తా ఫిస్టర్ జామ్ బన్ను తింటున్నాడు. మూడు రోజులైనా తక్కువ తక్కువేనమ్మా అన్నాడు. నలభై అయిదు దాటినదాన్ని పెట్టుకోమన్నాడు. మా గడప ఎవరు తొక్కుతారు? అసలు మీ నాన్నగారే ఇంట్లో లేకపోతే ఏ గొడవా లేదుగా అని నవ్వాడు. పెదవి మీద జామ్. ఛీ.

జెంజీకి చెప్పాను. వాడి మొహం మండ, పదిహేనేళ్లలో పెద్దాయన నన్ను జావ పల్చగా కాచానని తిట్టడం తప్ప ఏం చేశాడమ్మా అంది.

డిసెంబర్ 31

జెంజీ వెళ్లిపోయింది. ఉండిపోతానని మొండికేసింది. దొరికితే జైలు నాకని చెప్పి పంపేశాను. వెళ్లేముందు నాన్నకి నున్నగా గడ్డం గీసింది.

1936 జనవరి 3

ఈ రోజు జెంజీకి ముప్పై అయిదు నిండాయి.

జనవరి 11

నాన్నని పక్కకి తిప్పలేకపోతున్నాను. వీపు మీద పుండు పడింది. పొద్దున చెంచా జారి జావంతా ఆయన మెడ మీద ఒలికింది. చాల్లే తల్లీ అని కళ్లు మూసుకున్నారు. ఇంకో చెంచాకి నోరు తెరవలేదు. నా చేతులంటే నాకే అసహ్యం వేసింది. నేను అసహ్యించుకోవాల్సింది వాటిని కాదని తెలుసు. అయినా వేసింది.

జనవరి 19

నాన్న పోయారు. గడ్డం మాసి ఉంది.

జనవరి 27

ఖననం నాటి నుంచి పాటించే ఏడు రోజుల శోకం నిన్నటితో ముగిసింది. ఫిస్టర్ కబురు పెడితే ఆఫీసుకి వెళ్లాను. ఇంట్లో ఇక మగవాడు లేడు కాబట్టి జెంజీని పెట్టుకోవచ్చట. శుభవార్తలా చెప్పాడు. నేను థాంక్స్ అన్నాను. నా నోటితోనే అన్నాను.

జనవరి 28

జెంజీ వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్లి జావ కాచింది. చిక్కగా.