గోడకు పెట్టే బొంత

బుధవారం, తొర్రూరు

నా కుట్టుమిషన్ దుకాణం మూసేశాక మొదలుపెట్టిన బొమ్మల బొంత ఇవాళ దాదాపు అయిపోయింది. మా ఆయన సైకిల్ మీద పోతున్నట్టు గుడ్డముక్కలు అతికించి కుట్టాను. ముఖం ఒక్కటే కుదరడం లేదు. కుట్టడం, విప్పడం. బతుకంతా ఊరందరి కొలతలూ తీసినదాన్ని, ఆయన ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు.

మధ్యాహ్నం పాలకుర్తి నుంచి ఆయన అక్క, మా వదినె వచ్చింది. వచ్చీ రాగానే, "బొంతంటే కప్పుకునేది గానీ గోడకు తగిలిచ్చుడేంది పిల్లా?" అని నవ్వింది. అంతలోనే నీలం గీతల గుడ్డ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గిది మా తమ్ముని అంగి గదా? దినాల నాడు వాని బట్టలన్నీ ఇచ్చేసినం గద, ఇంట్ల ఏదీ ఉంచుకోవద్దని?"

"అంగి కాదు వదినె. ఆయనకు అంగీలు కత్తిరిచ్చినప్పుడు మిగిలిన ముక్కలు. ఏండ్ల సంది నా సంచిలనే ఉన్నయి" అన్నాను.

విన్నదో లేదో. బొంతను రెండు చేతులతో ఎత్తి ముఖానికి అదుముకుంది. చాలాసేపు దించలేదు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. సంచి విప్పిన రోజు నేనూ అట్లాగే చేశాను.

చివరికి బొంత దించి నా వంక చూసింది. "వాని వాసనే లేదు పిల్లా" అంది.

ఎట్లా ఉంటుంది? ఈ ముక్కలు ఆయన ఒంటికి తగలనే లేదు. ఇన్నేళ్లయినా ఇంకా కొత్త బట్ట వాసనే...